ప్యాకెట్ కేక్ మిక్స్‌తో అచ్చం ఇంటి కేక్ రుచి రావాలంటే: బెంగళూరు వంటింటికి సరిపోయే సమగ్ర మార్గదర్శి

బెంగళూర్లో మన తెలుగు ఇళ్ళల్లో, మారతహళ్ళి అవ్వనీ బీటీఎం అవ్వనీ వైట్‌ఫీల్డ్ అవ్వనీ, పిల్లల పుట్టినరోజుకి ఇంట్లోనే కేక్ చేద్దాం అనుకున్నవాళ్ళు చాలామంది ఒక ప్యాకెట్ కేక్ మిక్స్ తెచ్చుకునే మొదలుపెడతారు. అందులో తప్పేం లేదు. కానీ తినేటప్పుడు తీపి ఒక్కటే ముందుకొచ్చి మిగతా రుచేదీ తెలీకపోవడం, ఆ వెనిల్లా వాసన ఘాటుగా ముక్కుకి తగలడం, రెండో రోజుకి పొడిపొడిగా రాలిపోవడం, ఇవి అందరికీ ఎదురయ్యేవే. ఇవన్నీ పోగొట్టొచ్చండి, దానికి ఖరీదైన సామాను కూడా అక్కర్లేదు, చాలావరకు ఫ్రిజ్‌లో ఉన్నవాటితోనే ఐపోతుంది.

అసలు విషయం ఏంటంటే, మిక్స్‌లో కంపెనీవాళ్ళు చాలా బాగా చేసిన పని ఒకటుంది, అది కేక్ పొంగడం, మెత్తగా నిలబడటం. మైదా, చక్కెర, పొంగించే పొడి, నూనెనీ నీళ్ళనీ కలిపి ఉంచే ఎమల్సిఫైయర్ ఇవన్నీ తూకం వేసి కలిపి పెట్టారు కాబట్టి దాన్ని మనం కదపకూడదు. మనకి వదిలేసింది రెండే, నీళ్ళు పోయండి, నూనె పోయండి అని. నీళ్ళకి రుచి లేదు, రిఫైన్డ్ నూనెకీ రుచి లేదు. అంటే ప్యాకెట్ వెనక ఎక్కడెక్కడ నీళ్ళు, నూనె అని రాసుందో అక్కడ మనకి చోటుంది, ఇంటి రుచి మొత్తం ఆ చోట్లోనే పట్టించాలి. పొడి జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఈ ఒక్క మాట గుర్తుంటే కింద చెప్పేవన్నీ సులభంగా అర్థమౌతాయి.

1. ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

తొందరపడి చింపెయ్యకండి. మొదట ఎగ్‌లెస్ అని ఉందా, గుడ్డు వెయ్యమని ఉందా చూడండి. మన దగ్గర దొరికే మిక్సుల్లో ఎగ్‌లెస్‌వి చాలా ఎక్కువ, అవి గుడ్డు లేకుండానే నిలబడేలా తయారుచేసినవి, గుడ్డు వెయ్యమని చెప్పే మిక్స్ వేరు. రెండిటికీ ఒకే చిట్కా పనిచెయ్యదు.

తర్వాత ఇంగ్రీడియంట్స్ చూడండి. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని మన లేబుల్ రూల్, కాబట్టి చక్కెర మొదట్లోనే కనిపిస్తే ఆ మిక్స్ ఎంత తీపో అక్కడే తెలిసిపోతుంది, అలాంటిదానికి కండెన్స్‌డ్ మిల్క్ పొయ్యమని ఎవరు చెప్పినా వినకండి. 500(ii) అని ఉంటే అది వంట సోడా, 450 అని ఉంటే సోడాతో కలిసి గ్యాస్ పుట్టించే ఆమ్లపు ఉప్పు, 471 అంటే ఇందాక చెప్పిన ఎమల్సిఫైయర్. ఈ మూడూ ఉన్నాయంటే మీరు వేరే బేకింగ్ పౌడర్ అస్సలు వెయ్యక్కర్లేదు.

మూడోది బరువు, ఇది చాలామంది చూడరు. యూట్యూబ్‌లో అమెరికావాళ్ళు 'ఒక బాక్స్ మిక్స్, ఒక కప్పు సోర్ క్రీమ్, ఒక పుడ్డింగ్ ప్యాకెట్' అని చెప్తుంటారు కదా, వాళ్ళ బాక్స్ ఒకప్పుడు 517 గ్రాములు, తర్వాత 432కి తగ్గింది, ఈమధ్య కొన్ని ఇంకా తగ్గాయి. మన ప్యాకెట్లు చాలావరకు అందులో సగమో సగానికి కాస్త ఎక్కువో ఉంటాయి. వాళ్ళ కొలత యథాతథంగా మన ప్యాకెట్‌లో వేస్తే లోపల ముద్దముద్దగా ఉండిపోతుంది, కేక్ పొంగదు. వాళ్ళ కప్పు 240 మి.లీ., మన ఇంట్లో గ్లాసు ఎంతో మనకే తెలీదు. అందుకే ఒక చిన్న కిచెన్ స్కేల్ కొనుక్కోండి, కేక్ విషయంలో పెట్టిన డబ్బుకి అంత ఉపయోగపడే వస్తువు ఇంకోటి లేదని నా నమ్మకం.

2. నీళ్ళ బదులు పాలు, పెరుగు

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఒక్క మార్పే చెయ్యగలరు అంటే ఇదే చెయ్యండి.

పాలల్లో సుమారు 87 శాతం నీళ్ళే, మిగతాది కొవ్వు, ప్రోటీను, లాక్టోజ్ అనే పాల చక్కెర. ఆ మిగతాదాని వల్లే కేక్‌కి పైన బంగారు రంగు వస్తుంది, లోపల నోట్లో నిండుగా ఉంటుంది. కాబట్టి నీళ్ళు ఎంత చెప్పారో పాలు అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ పోస్తే సరి. ఫుల్ క్రీమ్ పాలు వాడండి, నందినిలోనే చిక్కటి పాల ప్యాకెట్ తెచ్చుకోండి, కాచి చల్లార్చినవైతే ఇంకా మంచిది.

పెరుగు సంగతి కాస్త వివరంగా చెప్తాను ఎందుకంటే ఇక్కడే మన వంటిల్లు అమెరికా వంటింటికంటే ముందుంది. వాళ్ళు సోర్ క్రీమ్ అని దేన్నైతే కొనుక్కొచ్చి వేస్తారో దానికి దగ్గరగా ఉండేది మన ఇంట్లో మీగడ పెరుగు, రోజూ పాల మీద మీగడ తీసి గిన్నెలో వేసి తోడుపెట్టేవాళ్ళు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నారు. అందులో కొవ్వూ ఉంది పులుపూ ఉంది. పులుపు మైదాకి సాగే గుణమిచ్చే గ్లూటెన్‌ని మరీ గట్టిపడనివ్వదు, తీపిని కొంచెం వెనక్కి లాగుతుంది, అందుకే ప్యాకెట్ కేక్‌లో పెరుగు పడగానే తినేవాళ్ళకి తేడా వెంటనే తెలిసిపోతుంది. మరీ పుల్లబడిన పెరుగు వద్దు, ముందురోజు రాత్రి తోడుపెట్టినది చాలు. పలచగా ఉంటే గుడ్డలో కట్టి ఓ అరగంట నీళ్ళు కారనివ్వండి.

ఎంత వెయ్యాలి? ప్యాకెట్ చెప్పిన నీళ్ళల్లో మూడో వంతు దాటకుండా పెరుగు, మిగతాది పాలు. పెరుగు ఇంతకంటే పెంచితే మిక్స్‌లో ఉన్న సోడా అంతా ఆ పులుపుతోనే ముందే గ్యాస్ ఐపోయి ఓవెన్‌లోకి వెళ్ళేసరికి పొంగే శక్తి తగ్గుతుంది, పైన రంగు కూడా సరిగ్గా రాదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ ప్యాకెట్ 150 మి.లీ. నీళ్ళు, 50 మి.లీ. నూనె అడిగింది అనుకోండి. 50 గ్రాముల చిక్కటి పెరుగు, 115 మి.లీ. పాలు తీస్కోండి. ఈ రెండిట్లో ఉన్న నీళ్ళు కలిపితే దాదాపు 145 మి.లీ., తర్వాత వేసే వెన్నలో ఇంకో ఐదారు మి.లీ. వస్తాయి, అంటే కంపెనీ చెప్పిన 150కి సరిగ్గా వచ్చాం. మీ ప్యాకెట్ అంకెలు వేరేగా ఉంటే ఇదే నిష్పత్తిలో మార్చుకోండి.

3. నూనె బదులు సగం వెన్న

మొత్తం నూనె తీసేసి వెన్న వేసెయ్యమని చాలా చోట్ల చెప్తారు, నేను ఒప్పుకోను. వెన్నకి రుచి ఉంది, కానీ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, కేక్ కూడా దాంతోపాటే గట్టిగా అనిపిస్తుంది. నూనె చల్లగా ఉన్నా ద్రవంగానే ఉంటుంది కాబట్టి కేక్ మూడో రోజు కూడా మెత్తగా ఉంటుంది. రెండూ కావాలంటే సగం సగం వెయ్యాలి.

వెన్నలో కొవ్వు సుమారు 80 శాతమే, మిగతాది నీళ్ళు, కొంచెం పాల పదార్థం. 25 మి.లీ. నూనె తీసేస్తే దాని బదులు 30 గ్రాముల దాకా వెన్న పడుతుంది. ఇందాకటి లెక్కలో 50 మి.లీ. నూనె బదులు 25 మి.లీ. నూనె, 30 గ్రాముల వెన్న. అన్‌సాల్టెడ్ బటర్ దొరికితే అది, బ్రెడ్‌కి రాసుకునే ఉప్పు బటరే ఉంటే అదే వేసుకుని కింద చెప్పే ఉప్పు మానెయ్యండి.

దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళాలంటే ఆ వెన్నని చిన్న గిన్నెలో సన్న సెగ మీద కరిగించి, నురుగు తగ్గి అడుగున గోధుమ రంగు కణాలు కనిపించి, మన ఇళ్ళల్లో నెయ్యి కాచేటప్పుడు దించబోయే ముందు వచ్చే ఆ వాసన రాగానే దించెయ్యండి. వడకట్టకండి, ఆ గోధుమ కణాల్లోనే రుచి ఉంది. ఇలా కాచినప్పుడు నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి పాలు ఒక టీస్పూన్ ఎక్కువ పోసుకోండి. పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడిగా పోస్తే పెరుగు విరిగినట్టౌతుంది. వెనిల్లా మిక్స్‌కి దీనంత మేలు చేసేది ఇంకోటి నేను చూడలేదు. అంత ఓపిక లేకపోతే వెన్న బదులు 25 గ్రాముల మంచి నెయ్యి వేసినా బావుంటుంది, కాకపోతే నెయ్యి వాసన గట్టిది కాబట్టి యాలకులు వేసే కేక్‌కే అది కుదురుతుంది, చాక్లెట్‌కి వద్దు.

వెన్న మెత్తబడటం గురించి చిన్న మాట, బెంగళూర్లో ఏడాదిలో చాలా నెలలు గది వేడి కేక్‌కి చక్కగా సరిపోతుంది, గంట ముందు బయట పెడితే వేలితో నొక్కితే దిగుతుంది. అదే మే నెలలో చెన్నైలో ఉన్నవాళ్ళైతే కాసేపటికే కారిపోతుంది, అక్కడ పది నిమిషాలు చాలు.

4. గుడ్డు వెయ్యాలా వద్దా

ఇంట్లో పెద్దవాళ్ళు గుడ్డు తిననివాళ్ళైతేనో, శనివారం ముట్టనివాళ్ళైతేనో ఈ భాగం వదిలెయ్యండి, పెరుగుతో వచ్చే కేక్‌కి ఏం లోటు ఉండదు.

గుడ్డు వేసే మిక్స్ ఐతే, వాళ్ళు చెప్పిన గుడ్లకి తోడు ఒక పచ్చసొన అదనంగా వెయ్యండి. పచ్చసొనలో కొవ్వు ఉంది, కొవ్వునీ నీళ్ళనీ కలిపి ఉంచే లెసిథిన్ ఉంది, కేక్ లోపల నునుపుగా, నోట్లో కరిగేట్టు వస్తుంది. తెల్లసొన పెంచితే మాత్రం పొడిబారుతుంది. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచాకే పగలగొట్టండి, చల్లటి గుడ్డు తగిలితే వెన్న గడ్డలు కట్టేస్తుంది.

ఎగ్‌లెస్ మిక్స్‌లో గుడ్డు వెయ్యాలనుకుంటే ఒక్కటే వెయ్యండి, దాంతోపాటు పాలు 35, 40 మి.లీ. తగ్గించండి, ఎందుకంటే మన మామూలు గుడ్డు 50 గ్రాముల దాకా ఉంటుంది, అందులో ముప్పావు వంతు నీళ్ళే. ఇది చెయ్యకుండా గుడ్డు అదనంగా కొట్టేస్తే పిండి జారిపోయి మధ్యలో ఉడకదు.

గుడ్డు మాట వచ్చింది కాబట్టి, మిక్సులు మొదట్లో గుడ్డు పొడి వేసి అమ్మేవారనీ, ఆడవాళ్ళకి తాము చేసిన తృప్తి కలగాలని 1950ల్లో మనస్తత్వ నిపుణుల సలహాతో గుడ్డు తీసేశారనీ ఒక కథ బాగా తిరుగుతుంటుంది. కానీ పిట్స్‌బర్గ్‌లో డఫ్ అనే మొలాసిస్ కంపెనీ 1930ల్లోనే, తాజా గుడ్డు ఇంట్లోనే వేసుకునే మిక్స్‌కి పేటెంట్ తీసుకుంది. మిక్స్ పుట్టిన రోజుల నుంచే ఇంట్లో కలిపేదాని విలువ వాళ్ళకి తెలుసు.

5. ఉప్పు, వాసన

ఉప్పు పావు టీస్పూన్. తీపి వంటల్లో ఉప్పా అనకండి, మన పాయసంలో చిటికెడు వేసేవాళ్ళు లేరా. అది పడ్డాకే వెన్న రుచి, వెనిల్లా రుచి విడివిడిగా తెలుస్తాయి, లేకపోతే ఉట్టి చక్కెరే.

వాసన విషయంలో, ప్యాకెట్‌లో ఉండేది దాదాపు ఎప్పుడూ కృత్రిమ వెనిల్లానే, దాని మీద ఇంకో రెండు మూతలు చవక ఎసెన్స్ పోస్తే ఆ ఘాటు ఇంకా పెరుగుతుంది గానీ తగ్గదు. దాని పక్కన ఇంకో నిజమైన వాసన పెట్టాలి. నా వరస ఇది. మొదటిది నిమ్మ తొక్క తురుము, ఒక నిమ్మకాయది, పైన ఉన్న రంగు పొర మాత్రమే, కింద తెల్లది తగిలితే చేదు. కమలా పండ్ల కాలంలో దాని తొక్క ఇంకా బావుంటుంది. ఈ తురుముని వెన్నలో వేసి వేళ్ళతో నలపండి, వాసనని కొవ్వు పట్టి ఉంచుతుంది, ఓవెన్ వేడికి అంత తొందరగా పోదు. రెండోది యాలకులు, అప్పటికప్పుడు దంచిన పావు టీస్పూన్ పొడి, డబ్బా అడుగున ఉన్న పాతది కాదు. మూడోది జాజికాయ, రెండు గీతలు గీస్తే చాలు, ఎవరూ అది జాజికాయ అని కనిపెట్టలేరు కానీ కేక్ మాత్రం బేకరీలో అప్పుడే దించినట్టు ఉంటుంది. మూడూ ఒకేసారి వెయ్యకండి, ఒకటి ఎంచుకోండి, మహా ఐతే నిమ్మ, జాజికాయ కలుస్తాయి.

తీపి మరీ ఎక్కువున్న మిక్స్ ఐతే ఒక పని చెయ్యొచ్చు, 25 గ్రాముల మైదా, 25 గ్రాముల పెరుగు అదనంగా కలపండి. పొడి జోలికి వెళ్ళొద్దన్నానుగా, ఈ చిన్న మోతాదు వరకు పొంగు తగ్గదు, తీపి మాత్రం తగ్గుతుంది. దీనికి మించి వద్దు.

6. చాక్లెట్ మిక్స్ ఐతే ఫిల్టర్ కాఫీ డికాషన్

బెంగళూర్లో ఉంటూ దీన్ని వదులుకోకూడదు. చాక్లెట్ మిక్స్‌లో ఒక టేబుల్ స్పూన్ తీపి లేని కోకో పౌడర్ అదనంగా వెయ్యండి, కానీ పొడిగా వెయ్యొద్దు. 40 మి.లీ. వేడి డికాషన్‌లో కోకో వేసి గడ్డ లేకుండా కలిపి పది నిమిషాలు పక్కన పెట్టండి, వేడి తగలగానే కోకో వాసన విచ్చుకుంటుంది. ఆ డికాషన్ మేరకు పాలు తగ్గించండి, అయితే కోకో తడి పీల్చుకుంటుంది కాబట్టి చివర్లో ఒక టేబుల్ స్పూన్ పాలు మళ్ళీ చేర్చండి. కేక్ కాఫీ రుచి రాదు, పిల్లలు కూడా గుర్తుపట్టరు, చాక్లెట్ మాత్రం చిక్కగా, కొంచెం చేదుతో అసలైన చాక్లెట్‌లా ఉంటుంది. ఇంట్లో ఫిల్టర్ లేకపోతే అర టీస్పూన్ ఇన్‌స్టంట్ కాఫీ వేడి నీళ్ళల్లో కలిపినా పని జరుగుతుంది. పెరుగు ఈ కేక్‌లో కూడా వెయ్యండి, బాగా కలుస్తుంది.

7. కలపడం

మిక్స్‌ని తప్పకుండా జల్లించండి. ప్యాకెట్ షాపులో ఎన్నాళ్ళు ఉందో, అడుగున గడ్డలు కట్టి ఉంటుంది, అవి చితకడానికి మీరు పిండిని ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంది, తిప్పేకొద్దీ గ్లూటెన్ పెరిగి కేక్ సాగినట్టు వస్తుంది.

ఒక గిన్నెలో పెరుగు, పాలు, నూనె, మెత్తబడిన లేదా కాచి చల్లార్చిన వెన్న, ఉప్పు, వాసన వేసేది, గుడ్డు వేస్తే గుడ్డు, ఇవన్నీ విస్క్‌తో ఒకటయ్యేదాకా కలపండి. ఫ్రిజ్ చల్లదనం ఏదీ ఉండకూడదు. ఇప్పుడు జల్లించిన మిక్స్ రెండు విడతల్లో వేసి పొడి కనిపించకుండా పోగానే ఆపెయ్యండి. ప్యాకెట్ మీద ఎలక్ట్రిక్ బీటర్‌తో రెండు నిమిషాలు అని ఉంటే అది తక్కువ స్పీడ్‌లో అంతే సేపు తిప్పండి, ఎమల్సిఫైయర్ ఉన్న పిండిలో గాలి అలాగే చేరుతుంది. మిక్సీ జార్‌లో మాత్రం వెయ్యొద్దు. పిండి గరిటతో ఎత్తితే వెడల్పాటి రిబ్బన్‌లా జారాలి, మరీ చిక్కగా ఉంటే టేబుల్ స్పూన్ పాలు. కలిపాక కూర్చోబెట్టకుండా వెంటనే ఓవెన్‌లోకి వెళ్ళాలి, అందుకే ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి.

8. టిన్ను, ఓవెన్, కరెంటు

అల్యూమినియం టిన్ను తీస్కోండి, నల్ల టిన్నులు అంచుల్ని ముందే మాడుస్తాయి. మన ప్యాకెట్‌కి ఆరు లేదా ఏడు అంగుళాల గుండ్రటిది సరిపోతుంది, పిండి మూడింట రెండు వంతులు దాటకూడదు. అడుగున బేకింగ్ కాగితం పరిచి అంచులకి వెన్న రాసి మైదా చల్లి దులపండి.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, పది, పదిహేను నిమిషాలు ముందే వెయ్యండి. 180 అని ప్యాకెట్ మీద ఉన్నా చిన్న ఓటీజీల్లో పై రాడ్ మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి 160, 165 దగ్గర పెట్టి ఇంకో ఐదు పది నిమిషాలు ఎక్కువ ఉంచడం మేలు, పైన గుట్టలా లేచి పగలకుండా సమంగా వస్తుంది. పాలు, పెరుగు వేశాం కాబట్టి రంగు కూడా తొందరగా వస్తుంది, 25 నిమిషాలకి పైన బాగా ఎర్రబడితే ఫాయిల్ వదులుగా కప్పండి. మొత్తం 35 నుంచి 45 నిమిషాలు. మొదటి 20 నిమిషాలు తలుపు తియ్యకండి.

బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి ఒత్తిడి చెన్నై కంటే పది శాతం దాకా తక్కువ. పిండిలో పుట్టిన గ్యాస్ ఇక్కడ కొంచెం ఎక్కువ విచ్చుకుంటుంది. ఎత్తైన ప్రదేశాలకి అమెరికా బాక్సుల మీద వేరే సూచనలు ఉంటాయి, అవి 3,500 అడుగుల పైన ఉన్నవాళ్ళకి, మనం దానికి కొంచెం కిందే ఉన్నాం కాబట్టి అవన్నీ పాటించక్కర్లేదు. కానీ కేక్ ఓవెన్‌లో బాగా లేచి బయటికి తీశాక మధ్యలో కుంగుతుంటే ఒక టేబుల్ స్పూన్ మైదా అదనంగా వేసి, వేడి ఐదు డిగ్రీలు పెంచి చూడండి. బేకింగ్ పౌడర్ అదనంగా వేస్తే ఇక్కడ ఇంకా కుంగుతుంది.

కరెంటు గురించి కూడా చెప్పాలి, ఇక్కడ తెలిసిన సమస్యే. ఓటీజీ తినే కరెంటు ఇంట్లో యూపీఎస్ మొయ్యలేదు, చాలా ఓటీజీలకి 16 ఆంప్స్ ప్లగ్ పాయింట్ కావాలి. మీ ఏరియాకి బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) మెయింటెనెన్స్ కోత ఉందేమో చూసుకుని మొదలుపెట్టండి. మధ్యలో పోతే తలుపు తెరవొద్దు, లోపలి వేడి కొంతసేపు ఉంటుంది, కరెంటు వచ్చాక పోయినంతసేపూ కలిపి లెక్కేసుకోండి.

ఓవెన్ లేనివాళ్ళకి మందపాటి మూత ఉన్న కడాయి చాలు, కుక్కర్ ఐతే గాస్కెట్, వెయిట్ రెండూ తీసెయ్యాలి, లోపల స్టాండ్ పెట్టి మీడియం మంట మీద పది నిమిషాలు వేడిచేసి, టిన్ను పెట్టి సన్న మంట మీద 45 నిమిషాల దాకా. ఖాళీ కుక్కర్‌ని అంతసేపు వేడిచేస్తే దానికి మంచిది కాదు కాబట్టి పాత గిన్నె ఉంటే అదే వాడండి.

ఉడికిందా లేదా చూడటానికి పుల్ల మధ్యలో గుచ్చితే తడి పిండి అంటకూడదు, రెండు మూడు తేమ రజనులు అంటితే అదే సరైన సమయం. పుల్ల మరీ పొడిగా వచ్చేదాకా ఉంచితే కేక్ ఎండిపోయినట్టే, ఇంత వెన్న, మీగడ పెట్టిందంతా వృథా.

9. చల్లార్చడం, సిరప్

దించాక పది నిమిషాలు టిన్నులోనే, తర్వాత జాలీ మీద బోర్లించండి. చెయ్యి పెడితే కొంచెం గోరువెచ్చగా ఉన్నప్పుడే క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టేసి పెడితే తేమ లోపలే ఉండిపోతుంది. ఈ రోజు తినాల్సిన కేక్ నిన్న రాత్రే చేసి పెట్టుకోండి, మర్నాటికి వెన్న రుచి, యాలకుల రుచి అన్నిచోట్లకీ పట్టి ఉంటాయి.

సిరప్ గురించి బెంగళూరుకంటే బాగా ఎవరు చెప్తారు. ఇక్కడ అయ్యంగార్ బేకరీలు 1898లో చిక్‌పేటలో మొదలైన దుకాణం నుంచి వరసగా వచ్చినవే, గుడ్డు లేకుండా ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాయి. వాళ్ళ హనీ కేక్ చూడండి, మామూలు స్పాంజే, దాని మీద పాకం, పైన ఎర్ర జామ్, కొబ్బరి పొడి. ఆ మెత్తదనం అంతా పాకానిదే. మనం కూడా 40 గ్రాముల చక్కెర 100 మి.లీ. నీళ్ళల్లో కరిగించి ఒక పొంగు రానిచ్చి దించి, చల్లారాక ఒక చెంచా తేనె, కాస్త నిమ్మరసం కలిపి, కేక్‌ని అడ్డంగా రెండుగా కోసి బ్రష్‌తో లోపలి వైపుల మీద తడపండి. పొయ్యకండి, తడపండి. మిక్స్ ముందే తీపి కాబట్టి మూడు నాలుగు టేబుల్ స్పూన్లు చాలు. చాక్లెట్ కేక్‌కి చక్కెర మానేసి పలచటి డికాషన్ తడిపితే చాలా బావుంటుంది. అసలు ఏ క్రీమూ లేకుండా హనీ కేక్ పద్ధతిలో జామ్‌ని ఒక చెంచా వేడి నీళ్ళతో పలచన చేసి పూసి, ఎండు కొబ్బరి చల్లి టీతో పెట్టండి, వచ్చినవాళ్ళు ఏ బేకరీలో కొన్నారని అడుగుతారు.

10. పైన క్రీమ్

లోపల ఇంత కష్టపడి పైన డబ్బాలో వచ్చే ఫ్రాస్టింగ్ పూయకండి, ప్యాకెట్ రుచి అక్కడినుంచే తిరిగొస్తుంది. బేకరీలు ఎక్కువగా వాడే విప్పింగ్ క్రీమ్ పాలది కాదు, వనస్పతి నూనెది, నాలుక మీద జిడ్డు మిగులుతుంది.

సులభమైనది గనాష్. 200 గ్రాముల డార్క్ చాక్లెట్ సన్నగా తరిగి, 120 మి.లీ. ఫ్రెష్ క్రీమ్ అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడిచేసి దాని మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలి మధ్యలోంచి మెల్లగా కలపండి, చిటికెడు ఉప్పు, ఒక చెంచా వెన్న. చాక్లెట్ కొనేటప్పుడు కాంపౌండ్ అని ఉందా చూడండి, అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది, ఆరిపోతే మైనంలా తగులుతుంది. కోకో బటర్ అని రాసున్నదే తెచ్చుకోండి. మన టెట్రా ప్యాక్ ఫ్రెష్ క్రీమ్ 25 శాతం కొవ్వుది, గనాష్‌కి చక్కగా పనికొస్తుంది కానీ ఎంత గిలక్కొట్టినా నిలబడదు, విప్ చెయ్యాలంటే 30 శాతం పైన ఉన్న డైరీ క్రీమ్ అడగండి, గిన్నె కూడా ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి కొట్టండి.

క్రీమ్ పూసిన కేక్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, తినే ముందు అరగంటో ముప్పావు గంటో బయట పెట్టండి. క్రీమ్ లేనిది గాలి చొరని డబ్బాలో రెండు రోజులు బయట ఉంటుంది, ఎండాకాలమైతే ఒక రోజే.

11. ఇంకా తేడా వస్తే

మధ్యలో కుంగితే లోపల ఉడకకముందే తీశారు, లేదా ద్రవం ఎక్కువైంది, గుడ్డు వేసి పాలు తగ్గించలేదేమో చూడండి. అడుగున జిగటగా ఒక పొర ఉంటే పిండి సరిగ్గా కలవలేదు, లేదా వెన్న వేడిగా పడి విడిపోయింది. పైన పగిలి గుట్టలా లేస్తే వేడి ఎక్కువ, పది డిగ్రీలు తగ్గించండి. లోపల పొడవాటి బొరియలు కనిపిస్తే ఎక్కువ తిప్పారు. పాలిపోయి గట్టిగా ఉంటే పెరుగు మూడో వంతు దాటింది.

రుచి బావుంది కానీ ముక్క కోస్తుంటే రాలిపోతోంది అంటే కొవ్వు ఎక్కువైందని, ఎగ్‌లెస్ మిక్సుల్లో ఇది ఎక్కువ కనిపిస్తుంది. వెన్న ఐదు గ్రాములు తగ్గించండి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో గంట ఉంచి, పళ్ళున్న బ్రెడ్ కత్తితో రంపంలా లాగుతూ కొయ్యండి, ప్రతి ముక్కకీ కత్తి తుడుచుకుంటే అంచులు శుభ్రంగా వస్తాయి.